4 జీబీ ర్యామ్ మీద ఎంజీఎల్ఆర్‌యూ: చాలాకాలం వాడాక

చీమకుర్తిలో మా గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు కంప్యూటర్‌కి ఉన్నది 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కు. ర్యామ్ నిండినప్పుడు ఏ పేజీని (మెమరీలో ఒక చిన్న ముక్క) ఉంచాలో, దేన్ని తీసేయాలో తేల్చే ఎంజీఎల్ఆర్‌యూ అనే పద్ధతి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన 6.1 కెర్నల్‌తో, 2022 డిసెంబరులో వచ్చింది. అప్పటి కెర్నల్ వేసినప్పటి నుంచి ఆన్‌లోనే ఉంచాను.

ఇదివరకు గెలాక్సీ గ్రానైట్ స్లాబుల ఫొటోలు, ప్యాకింగ్ లిస్టు, బ్రౌజర్లో ఈ-వే బిల్లు కలిపి తెరిస్తే మౌస్ బిగుసుకుపోయేది. డిస్కు లైటు ఆరేదే కాదు. బయట లోడెక్కిన లారీ, కాగితాల కోసం గుమ్మంలో డ్రైవరు, లోపల మనకు టెన్షన్. జరిగేదేంటంటే, డిస్కులో ఎలాగూ ఉంది కదా అని నడుస్తున్న ప్రోగ్రాం కోడ్‌నే కెర్నల్ ర్యామ్‌లోంచి తీసేస్తుంది. మరుక్షణం అదే కావాలి, మళ్లీ డిస్కు చదవాలి. పాత పద్ధతిలో యాక్టివ్, ఇనాక్టివ్ అని రెండు జాబితాలే. ఎంజీఎల్ఆర్‌యూలో పేజీలను ఎంత ఇటీవల వాడారో చూసి తరాలుగా విడదీస్తారు, అన్నిటికంటే పాత తరం ముందు పోతుంది. దీనికి, డేటాను కుదించి ర్యామ్‌లోనే దాచే జీర్యామ్ కూడా తోడయ్యాక బిగుసుకోవడం బాగా తగ్గింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మిన్_టీటీఎల్_ఎంఎస్ అనే సెట్టింగు. దానికి 1000 ఇస్తే, గత ఒక్క సెకనులో వాడిన పేజీల జోలికి కెర్నల్ పోదు. అవి కూడా పట్టకపోతే మెమరీ చాలనప్పుడు పనిచేసే ఓఓఎం కిల్లర్ ఏదో ఒక ప్రోగ్రాంను చంపేస్తుంది. మా దగ్గర ఎక్కువగా పోయేది బ్రౌజర్ ట్యాబే. ట్యాబ్ పోతే మళ్లీ తెరుచుకోవచ్చు, మెషిన్ మొత్తం ఆగిపోతే పవర్ బటన్ నొక్కడం తప్ప దారి లేదు. సేవ్ చేయని ఫైలు పోతుందని భయపడేవాళ్లు మాత్రం దీన్ని ముట్టుకోకండి. డిఫాల్టుగా ఇది సున్నా, ఎందుకలా పెట్టారో అర్థం చేసుకోవచ్చు. కానీ మనం మార్చిన విలువ రీబూట్ చేస్తే పోతుంది, బూట్ అయ్యేటప్పుడే రాసేలా పెట్టుకోవాలి. ఇది విసుగే.

తర్వాత ఇంకా కొత్త కెర్నల్‌కి మారాను, లాకుల మార్పు కోసం. ఇదివరకు ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) మెమరీ మొత్తానికి ఎంఎంఏపీ లాక్ అనే తాళం ఒక్కటే. ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) మెమరీ ఏర్పాటును మారుస్తుంటే, పేజీ ఫాల్ట్ వచ్చిన, అంటే కావాల్సిన పేజీ సిద్ధంగా లేని మిగతా థ్రెడ్లు ఆగాల్సి వచ్చేది. 6.4 నుంచి మెమరీలో ఒక్కో భాగానికీ విడిగా లాక్ ఇచ్చారు. పెద్ద సర్వర్ల మీద ఉపయోగం ఉంటుందేమో గానీ, మా రెండు కోర్ల డబ్బా మీద నాకేమీ తేడా తెలియలేదు. దీనికోసమే కెర్నల్ మార్చే శ్రమ అక్కర్లేదు.