‘ది హిందూ’: సొంతదారు ఎవరో తెలిసి చదివితే

సివిల్స్‌కు చదివేవాళ్లు ‘ది హిందూ’ తీయగానే సంపాదకీయం పేజీకి పోతారు. అంతకంటే ముందు చూడాల్సింది పేజీ అడుగున సన్నక్షరాల్లో ఉండే ఇంప్రింట్ లైన్. ప్రచురణకర్త, అచ్చయిన ఊరు, బాధ్యత వహించే ఎడిటర్ పేరు అక్కడే ఉంటాయి.

పుట్టుక 1878 సెప్టెంబర్ 20న, మద్రాసులో. భారతీయుడైన టి. ముత్తుస్వామి అయ్యర్‌ను హైకోర్టు జడ్జిని చేస్తే ఇంగ్లీషువాళ్ల పత్రికలు విరుచుకుపడ్డాయి. దానికి జవాబుగా ఆరుగురు యువకులు 1 రూపాయి 12 అణాలు అప్పు తెచ్చి 80 కాపీలు వేశారు. వారిలో మన న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు. మొదట వారపత్రిక, దినపత్రిక అయింది 1889 ఏప్రిల్ 1న. ఆ ఆరుగురిలో జి. సుబ్రహ్మణ్య అయ్యర్ 1898లో తప్పుకున్నాక, తోటి వ్యవస్థాపకుడు వీరరాఘవాచారి ఒక్కరే మోయలేకపోయారు. 1905లో పత్రిక న్యాయ సలహాదారు కస్తూరి రంగ అయ్యంగార్ 75,000 రూపాయలకు కొన్నారు. నేటికీ ఆ కుటుంబానిదే. కస్తూరి అండ్ సన్స్ నుంచి ప్రచురణ 2017లో టీహెచ్‌జీ పబ్లిషింగ్‌కు మారింది, అంతే.

ఇందులో లాభం ఉంది: సిమెంటు, స్టీలు వ్యాపారాలను కాచుకోవాల్సిన అవసరం ఈ యజమానులకు లేదు. నష్టమూ ఉంది. ఇంట్లో పేచీ వస్తే ఎడిటర్ కుర్చీ ఊగుతుంది. 2011లో కుటుంబం బయటి నుంచి ఎడిటర్ అయిన సిద్ధార్థ్ వరదరాజన్, 2013లో కంపెనీ బోర్డు సంపాదకత్వ పగ్గాలు మళ్లీ కుటుంబ సభ్యుల చేతికి ఇవ్వగానే రాజీనామా చేశారు.

మార్పంటే ఈ పత్రికకు బద్ధకమే. 1958 దాకా మొదటి పేజీ నిండా ప్రకటనలే! అయినా తప్పులు దిద్దుకోవడంలో ముందుంది: పాఠకుల ఫిర్యాదులు విని తప్పులు సవరించే రీడర్స్ ఎడిటర్‌ను 2006లోనే పెట్టింది. జిల్లా వార్తలకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, తెలుగు పత్రిక పక్కన ఉండాల్సిందే. నోట్సు రాసుకునేవాళ్లు తేదీతోపాటు ఎడిషన్ పేరూ రాసుకోవాలి. ఊరు మారితే పేజీ మారుతుంది.

ఏ పత్రికకైనా వాటాదారులెవరో తెలియాలంటే పాత సంచికల్లో ‘ఫారం 4’ వెతకండి. 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో, ఒక శాతం దాటి వాటా ఉన్నవాళ్ల పేర్లు వేసేవారు. ఆ చట్టం స్థానంలో 2024 మార్చి నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది. ఫారంలో మనిషి పేరు బదులు ఇంకో కంపెనీ పేరుంటే అక్కడితో ఆగొద్దు. కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో ఫీజు కట్టి ఆ రెండో కంపెనీ వాటాదారుల వివరాలుండే వార్షిక రిటర్న్ కూడా తెరవాలి. విదేశీ వాటా ఉంటే, వార్తాపత్రికలకు పరిమితి 26 శాతమే.