పన్ను తీయించుకున్నాక విజయనగరంలో మెత్తటి తిండి కోసం తిరిగిన పది రోజులు

మేము మెల్‌బోర్న్‌లో ఉంటాం. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ పెద్దవాళ్ల పళ్ల వైద్యానికి మామూలుగా పనికిరాదు. ఎడమ వైపు కింద అడ్డంగా పెరిగిన జ్ఞానదంతం తీయడానికి, కుడి వైపు ఒక పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ పెట్టడానికి అక్కడ 4,300 డాలర్లు అవుతుందన్నారు. ఏప్రిల్లో ఎలాగూ ఊరికి రావాలి కాబట్టి ఆ పని విజయనగరంలోనే పెట్టుకున్నాం. ఎక్స్‌రే, మందులు అన్నీ కలిపి 19,500 రూపాయల్లో అయిపోయింది. క్లినిక్ గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. డాక్టరు గారు నెమ్మదిగా, నొప్పి తెలియకుండా చేశారు. అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు.

నేను రాయాలనుకున్నది తిండి గురించి. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. నాన్న పోయాక కంటోన్మెంట్‌లో ఇల్లు అమ్మేశాం. సొంత ఊళ్లో లాడ్జిలో దిగి, నోరు తెరవలేని స్థితిలో ఒక ముద్ద మెత్తటి అన్నం కోసం పరాయివాళ్లను బతిమాలాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ముందు డాక్టరు గారు చెప్పినవి రాస్తాను. ఇవి తెలియకపోతే తర్వాత జరిగినదానికి నాకెందుకు అంత కోపం వచ్చిందో అర్థం కాదు. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకనూ నరాన్నీ కాపాడేది ఆ గడ్డే. గట్టిగా ఉమ్మినా, పుక్కిలించినా, స్ట్రాతో పీల్చినా అది ఊడిపోవచ్చు. ఊడితే మూడో రోజుకో నాలుగో రోజుకో భరించలేని నొప్పి మొదలవుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. అందుకని మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు. ఆ తర్వాత నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో మెల్లగా తిప్పి వదిలేయాలి. వేడివి, కారంవి వద్దు. ఆవాలు, నువ్వుల్లాంటి చిన్న గింజలు అసలే వద్దు. గుంటలోకి దిగాయంటే బయటికి రావు. నాకు కుడి వైపు కూడా తాత్కాలికంగా సిమెంటు పెట్టి ఉంచారు కాబట్టి ఆ వైపునా నమలడానికి లేదు.

లాడ్జిని మా ఆయన మెల్‌బోర్న్ నుంచే ఆన్‌లైన్లో బుక్ చేశారు. గదిలో ఫ్రిజ్, వాడుకోవడానికి వంటగది, ఉచితంగా టిఫిన్ అని రాసి ఫొటోలు పెట్టారు. వంటగది ఉందన్న ఒక్క కారణంతోనే ట్యాక్సులతో కలిపి రోజుకు 2,650 చొప్పున ఆరు రాత్రుల డబ్బు ముందే కట్టేశాం. నాకు సాయంగా ఉంటానని రాయగడ నుంచి మా అప్ప (అక్క) కూడా రైలెక్కి వచ్చింది.

తీరా దిగి చూస్తే వంటగదికి తాళం. "అది స్టాఫ్‌కండీ" అన్నాడు మేనేజరు. గదిలో ఫ్రిజ్ ఉంది గానీ చల్లబడదు. అప్పకు పరుపు వేసినందుకు రాత్రికి 500 అదనం. ఆ మాట ఎక్కడా రాసి లేదు. ఇవన్నీ ఓర్చుకున్నాం. రెండో రోజు పన్ను తీయించుకుని, పెదవి ఇంకా మొద్దుబారి ఉండగానే గదికి వచ్చాను. మొదటి రోజు బుగ్గకు ఐస్ పెట్టుకోమన్నారు. ఐస్ అడిగితే లేదన్నారు. మా ఆయన ఎండలో బయటికెళ్లి పాల బూత్‌లో గడ్డకట్టిన పాల ప్యాకెట్లు నాలుగు కొనుక్కొచ్చారు. వాటిని తువ్వాలులో చుట్టి పెట్టుకున్నాను.

సాయంత్రం యాంటీబయాటిక్ వేసుకోవాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి. పెరుగన్నం తెమ్మన్నాం. తాలింపు వద్దు, మిరపకాయ వద్దు, అన్నం మెత్తగా మెదిపి చల్లగా ఇవ్వండని అప్ప ఫోన్లో ఒకసారి చెప్పింది. మళ్లీ స్వయంగా కిందికి వెళ్లి చెప్పింది. ముప్పావుగంట తర్వాత వచ్చిన గిన్నె నిండా ఆవాలు, శనగపప్పు, అల్లం ముక్కలు, వేయించిన ఎండుమిరపకాయ, పైన దానిమ్మ గింజలు. ధర 190. మార్చి ఇమ్మంటే ఇంకో 190 అవుతుందన్నారు. మా ఆయన లైటు కింద కూర్చుని స్పూనుతో ఒక్కొక్క ఆవగింజా ఏరడం మొదలుపెట్టారు. ఆ లాడ్జి బుక్ చేసింది తనే కాబట్టి ఒక్క మాటా మాట్లాడలేదు. పావుగంట ఏరి, గిన్నె పక్కన పెట్టేసి కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డారు. ఆయన అలా నిలబడ్డం చూస్తే పంటి నొప్పి కంటే అదే ఎక్కువ బాధ అనిపించింది. ఆ రాత్రికి గ్లాసు 60 రూపాయల పాలు తాగి మాత్ర మింగాను.

మూడో రోజు పొద్దున బుగ్గ బాగా వాచింది. రెండు మూడు రోజులు వాపు పెరిగి ఆ తర్వాత తగ్గుతుందని డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి దానికి టెన్షన్ పడలేదు. ఉచిత టిఫిన్ అంటే పూరీ, వడ, వేరుశనగ గుళ్లు వేసిన ఉప్మా, ఎప్పుడు వండారో తెలియని ఇడ్లీ. ఆ ఇడ్లీ వేలితో నొక్కితే అణగలేదు. "కాసిన్ని వేడి పాలల్లో నానబెట్టి ఇస్తారా" అని అప్ప అడిగింది. దానికి ఆ మేనేజరు అందరూ వింటుండగా, "ఇది హోటలండీ, ఆసుపత్రి కాదు" అన్నాడు. అప్పకు అరవై రెండేళ్లు. ఆవిడ అడిగింది ఒక గిన్నె పాలు, డబ్బిచ్చే అడిగింది. ఆ మాట నేను మర్చిపోను. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసేశాం. మిగిలిన మూడు రాత్రుల 7,950 రూపాయలు తిరిగి ఇవ్వలేదు. పళ్ల వైద్యానికి గానీ ఇంకే వైద్యానికి గానీ వచ్చేవాళ్లు ఫొటోలు చూసి డబ్బు కట్టకండి. ఫోన్ చేసి, పొయ్యి నా చేతికిస్తారా లేదా అని సూటిగా అడగండి. ఎంత తక్కువకిస్తామన్నా ముందే మొత్తం కట్టొద్దు.

ఆ ఇడ్లీ గొడవ జరిగిన పొద్దున్నే అప్ప కోపంతో బయటికెళ్లి, గంటస్తంభం వైపు నడిచి, గంట తర్వాత సీసా నిండా చోడి (రాగి) అంబలితో తిరిగొచ్చింది. గ్లాసు 20 రూపాయలట. మెల్‌బోర్న్‌లో రాగి పిండి కొని చాలాసార్లు జావ కాచాను. ఈ రుచి ఎప్పుడూ రాలేదు. పిండి రాత్రంతా నానబెట్టి పులియనిచ్చి, పొద్దున నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి ఉప్పు కలిపితేనే వస్తుంది ఆ పులుపు. గ్లాసు పెదవికి ఆనించుకుని కుడి వైపు నుంచి గుటకగా మింగుతుంటే, ఒకటిన్నర రోజు తర్వాత మొదటిసారి కడుపు చల్లబడింది. రెండో గ్లాసు కూడా తాగాను.

మర్నాటి నుంచి నేనే వెళ్లాను. బండి దగ్గరావిడ నన్ను చూడగానే, "ఏటమ్మా, దవడ అలగ వాచిపోనాది? పన్ను పీకించీసావేటి?" అంది. అవునని తలూపాను. మిగతా అందరికీ గ్లాసు మీద ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి ఇస్తోంది. నాకు అవేమీ పెట్టకుండా, సంచిలోంచి టీ వడపోసే జల్లెడ తీసి, "నూకలు అడ్డెత్తాయి, ఉండు" అని అంబలి వడకట్టి ఇచ్చింది. నేను అడగలేదు, చెప్పలేదు. 190 రూపాయలిచ్చి, రెండుసార్లు చెప్పినా చేయని పని అది. అక్కడ తాగేవాళ్లంతా కూలి పనికి వెళ్లేవాళ్లు, ఆటోవాళ్లు. వచ్చే ముందు ఆ చుట్టుపక్కల కాఫీ షాపులు మ్యాపులో వెతికిపెట్టుకున్నాం, ఒక్కదానికీ వెళ్లలేదు. ఎండాకాలంలో పన్ను తీయించుకునేవాళ్లకు నా సలహా ఇదే, స్మూతీల కోసం వెతకొద్దు. వాటితో స్ట్రా ఇస్తారు, అలవాటు కొద్దీ పీల్చేస్తాం.

స్ట్రా అంటే గుర్తొచ్చింది, కొబ్బరి బొండాం కొన్నా అదే ప్రమాదం. 40 రూపాయలు. కొట్టగానే స్ట్రా గుచ్చి చేతిలో పెడతారు. గ్లాసు పట్టుకెళ్లి అందులో పోయమనండి. తర్వాత బొండాం చీల్చి లేత కొబ్బరి గీకి ఇమ్మంటే అది నమలక్కర్లేకుండానే దిగిపోతుంది.

నాలుగో రోజు నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర్లో మామూలు లాడ్జికి మారాం. ఏసీతో 1,400. పరుపు గట్టిది, బాత్రూం చిన్నది. కానీ కౌంటరులో ఉన్న కుర్రాడు సంగతి విని, తమ కరెంటు పొయ్యి తెచ్చి గదిలో పెట్టి, "వాడుకోండి మేడం, కరెంటు చూసుకుని ఆపండి చాలు" అన్నాడు. మార్కెట్లో 70 రూపాయలకు చెక్క పప్పుగుత్తి కొన్నాం. ఇది నిజంగా చాలా ఉపయోగపడింది. ఇడ్లీ, చక్కెరకేళి అరటిపండు, ఉడికించిన చిలగడదుంప, అన్నం, ఏదైనా దాంతో మెదుపుకోవచ్చు. మిక్సీ అక్కర్లేదు.

మధ్యాహ్నాలకు మూడు లాంతర్ల దగ్గర సందులో ఒక భోజన హోటలు దొరికింది. భార్యాభర్తలిద్దరే నడుపుతారు, నాలుగు బల్లలు, భోజనం 100. మా ఆయనా అప్పా తింటుంటే నేను ఊరికే కూర్చుందామని వెళ్లాను. ఆవిడ నా ముందు ఆకు లేకపోవడం చూసి సంగతి అడిగింది. చెప్పగానే, "మా అత్తకి ఒక్క పన్నూ లేదమ్మా. రోజూ ఆవిడకి ఏరేగా ఒండుతాను, అదే ఎడతాను" అని లోపలికెళ్లింది. గుజ్జుగా ఉడికిన అన్నం, ముద్దపప్పు, పాలు పోసి వండిన ఆనపకాయ కూర, ఒక చెంచా నెయ్యి. దేంట్లోనూ ఒక్క ఆవగింజ లేదు. అన్నీ చల్లార్చి తెచ్చింది. పాలు పోసిన ఆనపకాయ కూర మా అమ్మ చేసేది. ఆవిడ పోయాక నేను తిన్నది అదే మొదటిసారి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చింది. నొప్పేమో అని హోటలావిడ కంగారు పడింది.

లోపలి గదిలో మంచం మీద కూర్చున్న ఆ అత్తగారు, తన కుండలోంచి ఇంకెవరికో అన్నం వెళ్తోందని తెలిసి, ఎవరికే అని కేకేసింది. కోడలు చెప్పాక, "నాలికతో పైదవడకి అద్దుకుని మింగమను, నమలొద్దను" అంది. నేను అలాగే చేశాను. పని చేసింది. బుగ్గ కదలకుండా, గుంట వైపు ఏమీ పోకుండా ముద్ద దిగిపోయింది. ఇంత ఉపయోగపడే మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.

మొదటి రోజు హోటలావిడ నా భోజనానికి డబ్బు తీసుకోనంది. మా ఆయన బల్ల మీద 100 పెట్టేసి వచ్చారు. మర్నాడు ఆ వందలో 50 తిరిగిచ్చి, "ఇది సగం భోజనం, సగానికి మించి తీసుకోకూడదు" అంది. అక్కడే ఆరు రోజులూ తిన్నాను. ఒక రోజు పెసరకట్టు, ఒక రోజు మెత్తగా ఉడికిన గుమ్మడికాయ, ఒక రోజు సగ్గుబియ్యం జావ. మా ఆయన మొదట్లో నా ముందు కారం తినడానికి మొహమాటపడ్డారు. మూడో రోజుకి బెల్లం ఆవకాయ రెండోసారి వడ్డించమని అడిగేదాకా వచ్చారు. ఆయన ముఖం తేటపడింది కూడా ఆ బల్ల దగ్గరే.

ఆరో రోజు వాపు తగ్గాక శ్రీకాకుళం వెళ్లి అరసవల్లి దర్శనం చేసుకుని సాయంత్రానికి వచ్చేశాం. అంతా సాఫీగా జరిగింది. దారిలో అమ్ముతుంటే డజను 100 చొప్పున తాటిముంజెలు కొన్నాం. తొక్కు వగరుగా ఉంటుందని అప్ప కారులోనే ఒక్కొక్కటీ ఒలిచి నా చేతిలో పెట్టింది. చిన్నప్పుడు సెలవుల్లోనూ ఇలాగే ఒలిచి పెట్టేది. లేతవి చూసి కొనండి. ముదిరితే కొబ్బరిలా గట్టిపడతాయి. ఐస్‌క్రీం కూడా తిన్నాను, జీడిపప్పు లేని కప్పు మాత్రమే.

తొమ్మిదో రోజు కుట్లు విప్పారు, క్యాప్ పెట్టారు. గుంట శుభ్రంగా మానుతోందన్నారు. డ్రై సాకెట్ రాలేదు. తిరుగు టికెట్ పెట్టుకునేటప్పుడు ఆ కుట్లు విప్పే రోజును లెక్కలో పెట్టుకోండి. మాకు ఒక్క రోజే మిగిలింది, అది తక్కువ.

ఆఖరి రోజు మధ్యాహ్నం, రైలుకు ముందు, ఆ హోటలుకే వెళ్లాం. కుట్లు విప్పేశారని అప్ప చెప్పింది. ఆవిడ పొయ్యి మీద మూకుడు పెట్టి, నూనె పోసి, పోపుల డబ్బా చేతిలోకి తీసుకుంది. కానీ వేయలేదు. వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసి, "ఇయ్యేల తాలింపు ఎయ్యమంటావా అమ్మా?" అని అడిగింది. వేయమన్నాను.