కొలిచి చూశాకే రెంచి పట్టే ఆటో ఎలక్ట్రీషియన్: డాష్‌బోర్డు దీపాల మరమ్మతుపై నా సమీక్ష

కొన్ని వారాలుగా రాత్రిపూట నా కారు డాష్‌బోర్డు దీపాలు మిణుకుమిణుకుమంటూ వచ్చాయి. ఇండికేటర్ వేస్తే అది వెలిగిన ప్రతిసారీ స్పీడోమీటరు వెనుక వెలుతురు ఒక్క క్షణం తగ్గేది, ఫ్యాను వేగం పెంచితే మరికాస్త మసకబారేది, గతుకుల మీద అయితే ఒక్కోసారి పూర్తిగా ఆరి మళ్ళీ వెలిగేది. మొదట చూపించిన సర్వీసు కేంద్రంలో బ్యాటరీ పాతబడిందని చెప్పి కొత్తది వేశారు. రెండు రోజులు దీపాలు నిలకడగా వెలిగాయి, మూడో రోజు రాత్రి మళ్ళీ మొదలైంది. తిరిగి వెళ్తే ఈసారి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసే డైనమో మార్చాలన్నారు. అది పనిచేస్తున్నదో లేదో తేల్చడానికి ఇంజన్ నడుస్తూ ఉండగానే బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి చూస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. పాత బండ్లకు ఈ పద్ధతి చెల్లిందేమో గానీ, నడుస్తున్న ఇంజన్ నుంచి బ్యాటరీని వేరు చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి కంప్యూటర్ యూనిట్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

అప్పుడు తెలిసినవారు చెప్పగా ఈ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తకముందే నాలుగైదు ప్రశ్నలు అడిగారు: మిణుకుమనేది డాష్‌బోర్డు ఒక్కటేనా, హెడ్‌లైట్లు కూడానా? ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎక్కువా, యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఎక్కువా? పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి చురుగ్గా స్టార్టవుతున్నదా? డాష్‌బోర్డు ఒక్కటే అయితే దాని డిమ్మరు, వెనుక సాకెట్టు, ఆ ఫ్యూజు చూస్తే సరిపోతుందట. హెడ్‌లైట్లు కూడా వాటితో పాటు తగ్గుతున్నాయంటే లోపం బండి మొత్తానికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉన్నట్టే. నా బండిలో రెండూ కలిసే తగ్గుతున్నాయి, సెల్ఫ్ మాత్రం ఏనాడూ నీరసించలేదు. ఈ చివరి మాట విన్నాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. అదే అసలు ఆధారమని నాకు తర్వాత అర్థమైంది.

ఇంజన్ ఆపి ఉండగా బ్యాటరీ వద్ద మల్టీమీటరు 12.6 వోల్టులు, స్టార్టయ్యాక 14.2 వోల్టులు చూపించింది. చార్జింగు సుమారు 13.8 నుంచి 14.5 లోపు ఉంటే సాధారణంగా సరైనదే. ఆ తర్వాత మీటరును ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) వోల్టుల వైపు తిప్పి అదే టెర్మినళ్ళ మీద పెట్టారు. డైనమో లోపల ఏసీని ఒకే దిశలో పారే డీసీగా మార్చే డయోడ్లు చెడిపోతే డీసీతో పాటు ఏసీ అలలు కూడా బయటికి వచ్చి దీపాలను వణికిస్తాయి, అక్కడ అర వోల్టు దాటితే డైనమోను అనుమానించాలి. మాకు కనిపించింది 0.04 మాత్రమే. అంటే నేను మార్పించబోయిన డైనమోలో ఏ దోషమూ లేదు.

తర్వాత జరిగిన పరీక్ష కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను. హెడ్‌లైట్లు, ఫ్యాను, వెనుక అద్దం హీటరు అన్నీ వేసి ఉంచమని చెప్పి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో మొనను ఇంజన్ మీద పెడితే 0.05 వోల్టులు వచ్చింది. రెండో మొనను బాడీ రేకు మీదికి మార్చగానే అంకె 1.1 దగ్గర ఊగసాగింది, నేను ఇండికేటర్ వేస్తే దాని లయకే పెరిగి తగ్గింది. తీగ దారిలో వృథా అయ్యే ఈ వోల్టేజీ 0.2 దాటకూడదు. నెగటివ్ నుంచి లావు తీగ ఇంజన్‌కు, సన్న తీగ బాడీకి వెళ్తాయి. సెల్ఫ్ మోటారుకు కరెంటు లావు తీగ గుండా నడుస్తుంది కనుక బండి చురుగ్గా స్టార్టయ్యేది. దీపాలన్నిటి కరెంటూ తిరిగి రావలసిన సన్న తీగ దగ్గరే దారి మూసుకుపోయింది.

బ్యాటరీ ట్రే పక్కన బాడీకి బిగించిన ఆ సన్న తీగ (ఎర్త్ తీగ) బోల్టు బిగుతుగానే ఉంది, పైకి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. విప్పి చూస్తే లగ్గు (తీగ చివర బోల్టు దూర్చే లోహపు బిళ్ళ) కింద ఎర్రటి తుప్పు పొడి, ఒక అంచున ఇంకా మిగిలిన పెయింటు ఉన్నాయి. బ్యాటరీ మార్చినప్పుడు ఈ తీగ కదిలి, ఒరుసుకుని తాత్కాలికంగా రేకుకు సరిగా తగలడం వల్లే ఆ రెండు రోజులు దీపాలు బాగుండి ఉంటాయని ఆయన చెప్పారు. గరుకు కాగితంతో లగ్గునూ రేకునూ ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ళున్న కొత్త వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు పూశారు. మళ్ళీ అన్నీ వేసి కొలిస్తే 0.04. ఇండికేటర్ వేసినా అంకె కదలలేదు.

లోపాలు కూడా చెప్పాలి. బ్యాటరీ తీగ తీసే ముందు గడియారం, రేడియో స్టేషన్లు, కిటికీ అద్దాల ఆటో సెట్టింగు పోతాయని ఆయన ముందుగా చెప్పి ఉండవలసింది, అవన్నీ నేను ఇంటికి వచ్చి సరిచేసుకున్నాను. రీడింగులు కాగితం మీద రాసి ఇవ్వరు, నేనే ఫోనులో ఫొటోలు తీసుకున్నాను. ఒక్కరే పని చేస్తారు కనుక సగం రోజు పడుతుంది, తొందరలో ఉన్నవారికి కుదరదు. అయినా మళ్ళీ ఇదే చోటికి వెళ్తాను, మీకూ ఇదే సూచిస్తాను. వెళ్ళేటప్పుడు దీపాలు ఎప్పుడు, దేనితో పాటు తగ్గుతున్నాయో చిన్న వీడియో తీసి తీసుకువెళ్ళండి. నా వీడియోను ఆయన మూడుసార్లు చూశాకే మీటరు బయటికి తీశారు.