అమెరికా ఎలివేషన్ గీయించుకునే వాళ్ల కోసం

హనుమకొండలో ఎలివేషన్, అంటే ఇంటి ముందు వైపు రూపం, గీసిచ్చే వాళ్లు వీధికొకరు ఉన్నారు. నయీంనగర్‌లోని ఈ డిజైన్ ఆఫీసు గురించి ఇంత రాస్తున్నానంటే, వీళ్లకు గీసేది ఏ స్టైలో, అది ఏ కాలానిదో తెలుసు కాబట్టి.

మా అమ్మాయి, అల్లుడు ఫిలడెల్ఫియాలో ఉంటారు. హంటర్ రోడ్డు వైపు కట్టే ఇంటికి కలోనియల్ (అమెరికా ఇంగ్లీషు వాళ్ల పాలనలో ఉన్నప్పటి) ఎలివేషన్ కావాలని ఒక ఫోటో పంపారు. నిలువెత్తు తెల్ల స్తంభాలు, ఒక మూల గుండ్రటి టవరు, వరండాకు రాతి దిమ్మెల మీద పొట్టి స్తంభాలు. వేరే చోట్ల ఫోటో చూడగానే అడుగుకు ఇంత అని రేటు చెప్పేశారు. ఇక్కడి డిజైనర్ అమ్మాయి దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి, "సార్, ఇందులో మూడు ఇళ్లున్నాయి" అంది.

ఒక్కొక్కటే విడదీసి చూపించింది. పెద్ద స్తంభాలు గ్రీక్ రివైవల్‌వి, 1825-1860 మధ్య నడిచిన స్టైల్. టర్కీ పాలన మీద గ్రీసు చేసిన పోరాటం పట్ల అమెరికన్లకు ఉన్న అభిమానం కూడా దానికి ఒక కారణమట. టవరు 1880 తర్వాత వచ్చిన క్వీన్ ఆన్‌ది. కింద వెడల్పుగా, పైకి పోతూ సన్నబడే పొట్టి స్తంభాలు 1905 తర్వాతి క్రాఫ్ట్స్‌మన్‌వి. అసలు కలోనియల్ కాలంలో అక్కడి ఇంగ్లీషు వాళ్ల వలస రాజ్యాల్లో పేరున్న స్టైల్ జార్జియన్: నడిమధ్యన తలుపు, అటెన్ని కిటికీలో ఇటూ అన్నే. మా అమ్మాయి ఉండే ఊళ్లోనే జార్జియన్, గ్రీక్ రివైవల్ రెండూ ఉన్నాయి. 1732లో మొదలుపెట్టిన ఇండిపెండెన్స్ హాల్ జార్జియన్. అదే చెస్ట్‌నట్ వీధిలో 1824లో పూర్తయిన సెకండ్ బ్యాంక్ భవనం, ఏథెన్స్‌లోని పాత గుడి పార్థెనాన్‌ను చూసి కట్టిన గ్రీక్ రివైవల్. ఆ వారమే మా అమ్మాయి వెళ్లి రెండింటికీ ఫోటోలు తీసి పంపింది.

నాకు అన్నిటికంటే నచ్చింది కిటికీల సంగతి. పైకీ కిందికీ జరిగే ఆ కిటికీల్లో గాజు ముక్కలు లెక్కపెట్టమంది. జార్జియన్‌లో ఒక్కో రెక్కకు 9, 12 చిన్న గళ్లుంటాయి, ఆ రోజుల్లో పెద్ద గాజు దొరకడం కష్టం. దాని తర్వాత వచ్చిన ఫెడరల్ స్టైల్లో ఎక్కువగా ఆరేసి, తలుపు మీద విసనకర్ర ఆకారపు అద్దం అదనం. క్వీన్ ఆన్ నాటికి రెక్కకు ఒకటే పెద్ద అద్దం చాలాచోట్ల కనిపిస్తుంది. కిటికీలు తర్వాత మార్చి ఉండొచ్చు కాబట్టి కప్పు, తలుపు కూడా కలిపి చూడాలని చెప్పింది. ఇంత ఓపికగా చెప్పేవాళ్లు మన దగ్గర ఉండటం నాకు నిజంగా సంతోషం.

చివరికి మేం తీసుకున్నది ఇటాలియనేట్. 1840-1885 నాటిది. గోడ దాటి బాగా ముందుకొచ్చే చూరు, దాని కింద చూరును మోస్తున్నట్టు వరుసగా బ్రాకెట్లు, పొడుగాటి సన్నని కిటికీలు. వరంగల్ ఎండకు, వానకు ఆ చూరే మనకు సజ్జ అవుతుందని ఆ అమ్మాయి అన్న మాట అల్లుడికి కూడా నచ్చింది. వాటర్ ట్యాంకు వీధిలోకి కనబడకుండా మెట్ల గది వెనక్కి జరిపారు.

లోపం లేకపోలేదు. త్రీడీ బొమ్మ బ్రహ్మాండంగా ఇచ్చారు గానీ కొలతల డ్రాయింగ్ కోసం చాలా తిరగాల్సి వచ్చింది. బ్రాకెట్‌కూ బ్రాకెట్‌కూ మధ్య ఎంత దూరం, చూరు స్లాబుకు ఎంత మందం అని మేస్త్రీ అడిగితే బొమ్మ చూసి ఏం చెప్తాం? సెంట్రింగ్ పని ఆగి కూర్చుంది. ఫీజు కూడా వేరే వాళ్లకంటే ఎక్కువే, అయినా నాకు భారమనిపించలేదు. నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

వెళ్లేవాళ్లు ఆఖరి వాయిదా డబ్బు కట్టే ముందే కొలతల డ్రాయింగులు చేతికి తీసుకోండి. ఫోన్లో ఫోటో మాత్రమే కాకుండా స్థలం కొలతలు, రోడ్డు ఏ దిక్కున ఉందో రాసుకుని వెళ్తే మొదటి రోజే పని మొదలుపెడతారు.