రాత్రంతా తలుపు తెరిచి ఉండే రీడింగ్ రూమ్

అక్టోబరు చివరి వారంలో చేరినాను. ఇప్పుడు మార్చి మూడో వారం. ఐదు నెలలుగా కిటికీ పక్కన ఉండే పద్నాలుగో నంబరు సీటులోనే కూర్చుంటున్నాను కాబట్టి ఈ రీడింగ్ రూమ్ మంచీ చెడ్డా చెప్పగలను. తిరుపతి బాలాజీ కాలనీలో, మహిళా యూనివర్సిటీకి నడిచిపోయేంత దూరంలో, ఒక ఇంటి మేడ మీద ఉంది. పేరు రాయొద్దని ఓనరమ్మ మరీ మరీ చెప్పింది. ఉండేదే ఇరవై రెండు సీట్లు, ఎవరైనా దూరం నుంచి వచ్చి ఖాళీ లేదని తిరిగిపోతే ఆమెకి మనసు కష్టం. ఆ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో అడిగితే మెట్లు చూపిస్తారు.

ముందు ముఖ్యమైన సంగతి. ఇది ఆడపిల్లలకి మాత్రమే, పైగా రాత్రంతా తెరిచి ఉంటుంది. తిరుపతిలో రీడింగ్ రూములకి కొదవ లేదు. కానీ నేను తిరిగి చూసిన నాలుగైదు చోట్ల మగపిల్లల హాలు తెల్లవార్లూ నడుస్తుంది, అమ్మాయిలని మాత్రం తొమ్మిదికో పదికో లేపి పంపించేస్తారు. నేను మొదట డబ్బు కట్టిన చోట "పన్నెండు దాకా ఉండొచ్చు" అని చెప్పి, చేరినాక తొమ్మిదిన్నరకే ఫ్యాన్లు ఆపేస్తా వచ్చినారు. అక్కడ కట్టిన వెయ్యి రూపాయల అడ్వాన్సు ఇంతవరకు చేతికి రాలేదు. ఇక్కడ ఓనరమ్మ కుటుంబం కిందనే ఉంటుంది. మెట్ల గేటుకి చిన్న ఇత్తడి గంట కట్టినారు, ఎవరు ఎక్కినా దిగినా కిందికి వినపడుతుంది. మా నాయన డ్యూటీ దిగి వచ్చి, రాత్రి పదికి బైరాగిపట్టెడ నుంచి నన్ను బండి మీద తెచ్చి దింపుతాడు. నేను పైకి ఎక్కి గంట మోగేదాకా వీధిలోనే నిలబడి, మోగినాకనే బండి స్టార్ట్ చేస్తాడు.

నాకు రాత్రే ఎందుకు కావాల్సి వచ్చిందంటే, అమెరికాలో హిస్టరీ పీహెచ్‌డీకి ఆరు యూనివర్సిటీలకి అప్లై చేసినాను. పగలు ఒక స్కూల్లో సోషల్ చెప్తాను. రాసుకోవడానికి మిగిలేది రాత్రే. రెండు పేజీల స్టేట్‌మెంట్, పాతిక పేజీల రైటింగ్ శాంపిల్, ముగ్గురు సార్ల సిఫారసు ఉత్తరాలు, మార్కుల పత్రాలు, టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష. జీఆర్ఈ పరీక్ష నేను పెట్టిన ఆరింట్లో ఎవరూ అడగలేదు. ఫీజు ఒక్కోదానికి 75 నుంచి 125 డాలర్ల దాకా ఉంది. రెండు చోట్ల రాసి అడిగితే మాఫీ చేసినారు, మిగతా నాలుగింటికీ నా జీతంలోంచే కట్టుకున్నాను.

సీటు గురించి చెప్పాలి. బల్ల మూడు జానల లోతు, ఐదు జానల వెడల్పు. నేను జానతో కొలిచే చేరినాను, ఎందుకంటే నాకు లాప్‌టాప్ పక్కన రెండు పెద్ద పుస్తకాలు తెరిచి పెట్టుకునే చోటు కావాలి. నా రైటింగ్ శాంపిల్ తిరుమల శాసనాల మీద. శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు సేకరించిన శాసనాలతో దేవస్థానం వాళ్ళు 1930ల నుంచి అచ్చు వేసిన సంపుటాలు ఉన్నాయి. ఎక్కువ భాగం తమిళ శాసనాలే, పక్కనే ఇంగ్లీషు అనువాదం ఉంటుంది. ఒక సంపుటంలో మూలం, ఇంకో దాంట్లో అదే దాత వేసిన వేరే శాసనం, మధ్యలో నా నోట్సు. ఈ మూడూ ఒకేసారి కంటి ముందు లేకపోతే పని సాగదు. బల్ల మీద సన్‌మైకా నున్నగా ఉంది, పాత పుస్తకం అట్ట గీసుకోదు. అంచు పట్టీ ఊడి ఉంటే చెప్పిన మర్నాడే ఓనరమ్మ కొడుకు ఫెవికాల్ పూసి, ఇటుక బరువు పెట్టి అతికించినాడు.

ఆ శాసనాల్లో నన్ను పట్టుకున్న మాట ఒకటుంది: విట్టవన్ విళుక్కాడు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఎవరైనా గుడి భండారంలో ఇన్ని పణాలు కడితే, గుడి ఆ డబ్బుని తన ఊళ్ళలో చెరువులకీ కాలువలకీ పెట్టేది. నీళ్ళు పారి పంట పెరిగితే, ఆ పెరిగిన దాంట్లోంచి దాత పేరు మీద స్వామికి నైవేద్యం జరిగేది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతది. అదే విట్టవన్ విళుక్కాడు, అంటే ఇచ్చినవాడి వాటా. ఆ వాటాని దాత తాను తీసుకోవచ్చు, ఇంకొకరికి రాసివ్వొచ్చు. ఈ కాలువల లెక్క మీద బర్టన్ స్టైన్ అనే అమెరికా చరిత్రకారుడు 1960లోనే వ్యాసం రాసినాడు. నేను అడిగిన ప్రశ్న వేరే. ఆ కాలువ ఎవరు తవ్వినారు, ఆ చెరువు పూడిక ఎవరు తీసినారు, వాళ్ళ వాటా ఏది? ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ చదివేటప్పుడు మొదలైన ప్రశ్న ఇది. మా అవ్వ చెరువు పనికి పోయిన మనిషి. ఆ ప్రశ్న మీద నాలుగైదేళ్ళు కూర్చోవాలన్న కోరికే నన్ను ఇన్ని ఫారాలు నింపేలా చేసింది.

ఇక ఈ చోటుకి నేను ఎందుకు రుణపడి ఉన్నానో చెప్తాను. అప్లికేషన్‌కి డిసెంబరు 15 గడువు అంటే అమెరికా తూర్పు తీరంలో రాత్రి 11:59. మనకది మర్నాడు పొద్దున 10:29. ఆ పొద్దున స్కూలుకి సెలవు పెట్టి కూర్చున్నాను. నా మూడో సారు ఉత్తరం తొమ్మిదికి చేరింది. తొమ్మిదీ నలభైకి కరెంటు పోయింది. పైన ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతున్నాయి గానీ వైఫై రౌటరు కింద ఇంట్లో ఉంది, అది ఆగిపోయింది. ఫోను సిగ్నలు ఒక్క గీతకి పడిపోయింది. పాతిక పేజీల ఫైలు సగంలో నిలబడింది. నేను మెట్ల మీంచి అరిచిన అరుపుకి ఓనరమ్మ కొడుకు రౌటరు పీక్కొని పైకి పరిగెత్తుకొచ్చినాడు. ఇన్వర్టర్ ప్లగ్గుకి తగిలించి, తీగ చాలక పది నిమిషాలు చేత్తో పట్టుకొనే నిలబడినాడు. 10:11కి సబ్మిట్ అయింది. అప్పటి నుంచి రౌటరు పైనే, ఇన్వర్టర్ లైన్లోనే ఉంటుంది. ఇరవై దాటిన సీట్లకి ఇప్పటికీ సరిగ్గా అందదు, అది మాత్రం చూసుకొని చేరండి.

అప్లికేషన్లు పెట్టేయడం వరకు పని ఉంటుంది, చేయి కదులుతుంది. తర్వాతదే కష్టం. జవాబులు జనవరి చివర నుంచి మార్చి నడిమి దాకా ఎప్పుడైనా రావచ్చు. హిస్టరీలో చాలా డిపార్ట్‌మెంట్లు ఏడాదికి తీసుకునేది పదీ పదిహేను మందినే, అదీ ప్రపంచంలోని అన్ని దేశాల చరిత్రలూ కలిపి. అందులో మన వైపు చరిత్రకి ఒకటో రెండో. వాళ్ళ ఆఫీసు మూసే సాయంత్రం ఐదు గంటలు మనకి తెల్లవారుజాము మూడున్నర. ఇంట్లో ఆ వేళకి ఫోను చూస్తా కూర్చుంటే అమ్మ లేస్తుంది. లైటు వేస్తుంది. ఏమీ అడగదు, పక్కన కూర్చుంటుంది. ఆమెకి మళ్ళీ ఐదింటికి లేవాలి. ఆ ముఖం చూడలేకనే, అప్లికేషన్లు అయిపోయినా ఇక్కడ నెల నెలా డబ్బు కట్టుకుంటా వచ్చినాను.

ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏదో ఒకదాని కోసం ఎదురుచూసేవాళ్ళే. పదకొండో సీటు అక్క గ్రూప్-2కి మూడోసారి చదువుతోంది. పదిహేడులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు బ్యాంకు పరీక్షలకి, ఒకరు పగలు, ఒకరు రాత్రి, ఒకే సీటు పంచుకుంటారు. "వచ్చిందా?" అని ఎవరూ ఎవరినీ అడగరు. గోడ మీద రాసి పెట్టిన నియమం కాదది. వాళ్ళకీ ఆ ప్రశ్న ఎంత బరువో తెలుసు.

ఫిబ్రవరి రెండో గురువారం రాత్రి మొదటి జవాబు వచ్చింది. మూడూ ఇరవై. "మీ అప్లికేషన్ స్టేటస్ మారింది" అని మెయిలు. లోపలికి పోయి చూస్తే రెండు పేరాలు, చాలా మర్యాదగా, కాదని. నేను అట్లాగే స్క్రీను చూస్తా ఉన్నాను. పదకొండో సీటు అక్క ఏమీ అనకుండా తన నీళ్ళ బాటిలు నా బల్ల మీద పెట్టి మళ్ళీ పుస్తకంలోకి వంగింది. నేను మిద్దె మీదికి పోయినాను. కొండ నల్లగా ఉంది, గాలిగోపురం దగ్గర శంఖం, నామం, చక్రం దీపాలు వెలుగుతున్నాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఆ రోజు వాటి కింద మెట్ల మీద నడిచి ఎక్కే మనుషుల గురించి ఆలోచిస్తా చాలాసేపు నిలబడినాను.

నాలుగున్నరకి దిగితే ఓనరమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

"ఏం పాపా, నిద్రపోలేదా?"

"ఒకచోట కాదన్నారు పిన్నమ్మా."

"ఇంకెన్ని ఉండాయి?"

"ఐదు."

"సరే. ముగ్గు వేసొస్తా, కాఫీ తాగి పో." 

పక్కన మెట్టు మీద కూర్చొని ఆమె చుక్కలు పెట్టడం చూసినాను. పదిహేను చుక్కల ముగ్గు, ఒక్క చుక్క కూడా తప్పలేదు. కాఫీ తాగి ఇంటికి పోయి రెండు గంటలు పడుకొని స్కూలుకి పోయినాను. ఆ రోజు ఏడో తరగతికి విజయనగరం పాఠం.

లోపాలు కూడా రాస్తాను, దాచడానికేం లేదు. బాత్రూము ఒక్కటే, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా వరుసలో నిలబడాలి. మెట్ల మలుపులో లైటు లేదు, ఫోను వెలుగులో ఎక్కాలి. నేను మూడుసార్లు చెప్పినాను, ఇంకా పెట్టలేదు. ఏసీ లేదు. ఇప్పుడే మధ్యాహ్నాలు భరించలేనట్టు ఉన్నాయి, ఏప్రిల్, మే నెలల్లో పగటి సీటు తీసుకోవద్దనే చెప్తాను. పగటికి 700, రాత్రికి 900, రెండూ కలిపి 1,400. లాకరుకి వేరే 100. నోట్లే తీసుకునేవాళ్ళు, జనవరి నుంచి ఫోన్‌పే కూడా పెట్టినారు. రాత్రి పన్నెండు తర్వాత తినడానికి ఏమీ దొరకదు, డబ్బా తెచ్చుకోండి. ఓనరమ్మ కొన్ని రాత్రులు సంగటి ముద్ద, ఊరిబిండి పైకి పంపిస్తుంది, దానికి డబ్బు అడగదు. కానీ దాన్ని నమ్ముకొని రాకండి, అది ఆమె మనసు.

మొత్తం మీద ఐదుకి నాలుగున్నర. ఆ అర మెట్ల లైటుకి.

నా సంగతి ఎక్కడిదాకా వచ్చిందని ఇది చదివేవాళ్ళు అడుగుతారు. నాలుగు కాదన్నాయి. ఒకటి ఇంకా "పరిశీలనలో ఉంది" అనే చూపిస్తోంది. ఆరోది వెయిట్‌లిస్టు. అక్కడి ప్రొఫెసరు ఒకామె స్వయంగా మెయిలు రాసింది. చెరువు పూడిక మీద నేను అడిగిన ప్రశ్న గురించి నాలుగు వాక్యాలు రాసి, తమిళం ఎంతవరకు చదవగలవని అడిగింది. ఆ నాలుగు వాక్యాలు నాకు కంఠతా వచ్చేసినాయి. నా పని ఒక పరాయి మనిషి మొదటి నుంచి చివరి దాకా చదివిందని అప్పుడే నమ్మకం కలిగింది.

వెయిట్‌లిస్టు కదిలేది ఏప్రిల్ 15 దగ్గర. ఫెలోషిప్పు చూపి సీటిచ్చిన యూనివర్సిటీకి జవాబు చెప్పడానికి విద్యార్థులకి ఆ తేదీ దాకా సమయం ఇవ్వాలని అక్కడి చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్నాయి. రెండు మూడు చోట్ల సీటు వచ్చినవాళ్ళు ఒకటి పట్టుకొని మిగతావి వదిలితేనే నా వంతు వస్తుంది. ఈలోగా వాళ్ళ గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి జరిగినాయి. ఇప్పుడు వాళ్ళ సాయంత్రం ఐదు మనకి రాత్రి రెండున్నర. ఓనరమ్మకి ఈ మాట చెప్తే, "అయితే ఒక గంట ముందే పడుకోవచ్చు కదా పాపా" అనింది.

ఏప్రిల్‌కి 900 కట్టేసినాను. శాసనాల రెండో సంపుటం మళ్ళీ మొదటి నుంచి తీసినాను, ఈసారి అనువాదం మూసిపెట్టి తమిళంలోనే.