ముల్లు చెప్పిందే మిషన్ వింటుంది: మూడేళ్లు వాడాక నా మాట

డీసీఎస్ వరల్డ్ అనే విమాన సిమ్యులేటర్ గేమ్‌లో మిషన్లు మనమే తయారు చేసుకునే ఎడిటర్ ఉంటుంది. ‘ఫలానాది జరిగితే ఇది చెయ్యి’ అని చెప్పే ట్రిగ్గర్లకు అందులో కండిషన్ల జాబితా ఉంటుంది కదా, అందులో ‘కాక్‌పిట్ ఆర్గ్యుమెంట్ ఇన్ రేంజ్’ అనేది ఒకటి, కాక్‌పిట్‌లో మీటర్ ముల్లు ఏ హద్దుల మధ్య ఉందో చూసేది. పేరు చూసి భయపడి చాలామంది దాని జోలికి పోరు. నేనూ మొదట్లో ‘యూనిట్ ఎత్తు’, ‘యూనిట్ వేగం’ అనే మామూలు కండిషన్లతోనే బండి లాగించాను. ఇప్పుడు మూడేళ్లుగా శిక్షణ మిషన్లు తయారు చేయడానికి దీన్నే వాడుతున్నాను. కష్టపెట్టింది, కానీ వదలబుద్ధి కాలేదు.

ఎందుకు మారానంటే, ఒక పాఠంలో 20,000 అడుగుల దగ్గర 250 నాట్ల వేగం పట్టుకోమని పెట్టాను. వేగం ఎక్కువైతే ‘తగ్గించు’ అని వాయిస్ వస్తుంది. మిషన్ ఎగిరి చూసిన మిత్రుడు విసుక్కున్నాడు, ‘మీటర్ 250 దగ్గరే ఉంది కదరా, ఇంకెంత తగ్గించమంటావు?’ అని. తప్పు వాడిది కాదు. ఆ ఎత్తులో గాలి పలచన కాబట్టి మీటర్ 250 చూపిస్తున్నప్పుడు విమానం నిజంగా సుమారు 340 నాట్లతో పోతుంటుంది. నా ట్రిగ్గర్ ఆ నిజమైన వేగాన్ని చూసి తిడుతోంది, పైలట్ చూసేదేమో మీటర్‌ని. శిక్షణలో పైలట్‌కి కనిపించే దాన్ని బట్టే మాట్లాడాలి, లేకపోతే పాఠం నేర్పే గొంతే అబద్ధాలకోరు అవుతుంది.

పని చేసే పద్ధతి సింపులే. కాక్‌పిట్‌లో కదిలే ప్రతి ముల్లుకీ, స్విచ్‌కీ, వెలిగే లైటుకీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు, దాని కింది హద్దు, పై హద్దు ఇస్తే చాలు. చిక్కు ఏమిటంటే ఆ హద్దులు నాట్లలోనో అడుగుల్లోనో ఉండవు, ఎక్కువగా 0 నుంచి 1 వరకు, కొన్ని −1 నుంచి 1 వరకు ఉంటాయి. 250 నాట్లకు ముల్లు విలువ ఎంతో తెలియాలంటే ఆ విమానం స్క్రిప్టుల ఫోల్డర్‌లో మెయిన్‌ప్యానెల్ ఇనిట్ ఫైల్ తెరిచి, ఏ కొలతకు ఏ విలువో చూసుకోవాలి. వేగం మీటర్ల డయల్ సమానంగా గీసి ఉండదు, సగం తిరిగిన ముల్లు సగం వేగం కాదు, పైగా అక్కడ లెక్క సెకనుకు మీటర్లలో ఉంటే 250 నాట్లను 128.6గా మార్చుకోవాలి. మొదటి వారం తల ప్రాణం తోకకొచ్చింది.

ఎత్తు చూపే ఆల్టిమీటర్ దగ్గర ఇంకా నవ్వులపాలయ్యాను. 5,500 అడుగులకు చేరగానే ‘శభాష్’ అని పెట్టి, వందల ముల్లు 0.5 దగ్గరుంటే చాలనుకున్నాను. ఆ ముల్లు ప్రతి 1,000 అడుగులకీ ఒక చుట్టు తిరుగుతుందన్న సంగతి మర్చిపోయాను. టేకాఫ్ అయి 500 అడుగులు ఎక్కాడో లేదో శభాష్ వచ్చేసింది! 10,000 అడుగులకి ఒక చుట్టు తిరిగే వేల ముల్లు 0.54కీ 0.56కీ మధ్య ఉండాలన్న రెండో కండిషన్ కలిపాక దారికొచ్చింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ప్రెషర్ సెట్టింగ్ పాఠం. ఆల్టిమీటర్ గాలి ప్రెషర్‌ని బట్టే ఎత్తు చెబుతుంది, అందుకే ఆ రోజు ప్రెషర్ ఎంతో దానికి పైలట్ సెట్ చేయాలి. వాతావరణంలో ప్రెషర్ 29.42 అంగుళాలు (పాదరసం లెక్కలో) పెట్టి, ఆల్టిమీటర్‌ని 29.92 దగ్గరే వదిలేశాను. అర అంగుళం తేడా అంటే దాదాపు 500 అడుగులు, అంటే ముల్లు 1,000 అంటున్నప్పుడు విమానం నిజానికి సముద్రమట్టం నుంచి 500 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. ముల్లు 1,000 దగ్గర ఉందన్న కండిషన్ ఒకటి, ‘యూనిట్ ఎత్తు’ 600 అడుగుల కన్నా తక్కువ అన్న కండిషన్ ఇంకొకటి, రెండూ ఒకేసారి నిజమైతే ‘ప్రెషర్ సరిచూసుకున్నావా?’ అని వాయిస్. మీటర్ చెప్పేదొకటి, నిజం ఒకటి అని మిషన్‌కి తెలుసు, పైలట్‌కి ఇంకా తెలియదు. ఆ కొద్ది సెకన్ల టెన్షన్ మామూలు ఎత్తు ట్రిగ్గర్ ఒక్కదానితో ఎంత తిప్పలు పడినా రాదు.

ముల్లు వణుకుతుంది కాబట్టి హద్దులోకి రాగానే మెచ్చుకోకండి. లోపలికి వస్తే ఫ్లాగ్ (మిషన్ గుర్తుపెట్టుకునే ఆన్-ఆఫ్ గుర్తు) ఆన్, బయటికి పోతే ఆఫ్, ఆన్ అయి పది సెకన్లు గడిచాకే అసలు సంఘటన అని పెట్టాలి. నిలువు వేగం చూపే మీటర్‌ని అసలు నమ్ముకోవద్దు, మామూలు రకం అసలు విమానంలోనే 6 నుంచి 9 సెకన్లు ఆలస్యంగా స్థిరపడుతుంది. స్విచ్‌లకి కచ్చితంగా 1 అని రాయకుండా 0.9 నుంచి 1.1 ఇవ్వండి. మూడు స్థానాల స్విచ్ అయితే మధ్య స్థానం మీదుగా పోతూ ట్రిగ్గర్‌ని తాకేస్తుంది, అక్కడా ఫ్లాగ్ టైమే దిక్కు. కొత్తవాళ్లు హెచ్చరిక లైటుతో మొదలుపెడితే నయం, లెక్కల గోల లేదు. ఇది చూసేది ఆటగాడి సొంత కాక్‌పిట్‌ని, అందుకని పదిమంది కలిసి ఎగిరే మిషన్లలో నేను దీన్ని పెట్టను.

ఒక దెబ్బ మాత్రం ఇంకా మానలేదు. నేను ఎక్కువగా వాడే ఒక విమానానికి కాక్‌పిట్ కొత్తగా చేశారు, కొన్ని నంబర్లు మారిపోయాయి. ఎర్రర్ రాదు, ట్రిగ్గర్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది అంతే. తప్పు నా ఫ్లాగుల్లో ఉందనుకుని రెండు సాయంత్రాలు తవ్వాను. అప్పటినుంచి ప్రతి మిషన్‌కీ వాడిన నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటున్నా, అప్‌డేట్ వచ్చిన రోజు ముందు అవే సరిచూస్తాను. ఆ విమానం పాఠాలు ఏడింటిలో నాలుగు బాగుచేశాను, మిగతా మూడు అలాగే పడున్నాయి.