మూడేళ్ల అప్రెంటిస్‌షిప్పా, ఆరు నెలల కోర్సా: లోహపు పనికి ఏది మేలు?

లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) మీద 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు షాఫ్ట్. చివరి కోత అయ్యాక యంత్రం ఆపి మైక్రోమీటర్ (సూక్ష్మ కొలతలు తీసే పరికరం) పెడితే కొలత డ్రాయింగులో ఉన్నట్టే వచ్చింది. కొత్త కుర్రాడు జాబ్ (కోస్తున్న ముక్క) విప్పేశాడు. చల్లారాక చూస్తే 0.02 మిల్లీమీటర్లు తక్కువ! కోత వేడికి ఇరవై డిగ్రీలు పెరిగితే చాలు, ఉక్కు అంత ఉబ్బుతుంది. ఇది పుస్తకంలో ఉన్న సంగతే. అయినా ‘ఇంకా వేడిగా ఉంది, ఆగు’ అని చెప్పే మనిషి పక్కన ఉంటేనే చేతికి వస్తుంది.

ఆరు నెలల కోర్సును నేను తీసిపారేయను. సి.ఎన్.సి. (కంప్యూటర్ నడిపే) యంత్రంలో జాబ్ బిగించడం, ఆఫ్‌సెట్ (పనిముట్టు స్థానపు సవరణ) సరిచేయడం, ఒక రకం వెల్డింగు చక్కగా వేయడం ఆ వ్యవధిలో వస్తాయి. వెంటనే జీతం కావాల్సిన ఇంటికి అది పెద్ద ఆసరా.

కానీ పలచని గొట్టం కోస్తుంటే యంత్రం కీచుమంటుంది. వేగం తగ్గించాలా, ఫీడ్ (పనిముట్టు ముందుకు జరిగే రేటు) పెంచాలా, పట్టు మార్చాలా? ఇది తేల్చగల సెట్టర్లు (యంత్రాన్ని పనికి సిద్ధం చేసేవారు), డై (లోహానికి ఆకారమిచ్చే అచ్చు) తయారుచేసేవారు, ఫిట్టర్లే దొరకడం కష్టం. ఆ లోటు ఆరు నెలల్లో తీరదు.

జర్మనీలో యంత్ర మెకానిక్ శిక్షణ మూడున్నరేళ్లు. వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో; శిక్షణ కాలమంతా భత్యం ఇస్తారు. ఇంగ్లండ్ మరో దారి పట్టింది. 1563 నాటి చట్టం ఏడేళ్లు పని నేర్చుకోవాలంది. ఇప్పుడు అప్రెంటిస్‌షిప్ కనీస వ్యవధిని 2025 ఆగస్టు నుంచి 12 నెలలకు బదులు 8 నెలలు చేశారు. కొన్ని కొలువులకు అది చాలుతుందేమో, డైలు, పనిముట్లు తయారుచేసే టూల్‌రూమ్‌కు చాలదని నా గట్టి నమ్మకం.

యజమానుల భయమూ నాకు తెలుసు: నేర్పిస్తే పక్క కంపెనీవాడు ఎగరేసుకుపోతాడు. అందుకే గిరాకీ తగ్గగానే మొదట అప్రెంటిస్‌లను తీసుకోవడమే మానేస్తారు. నాలుగేళ్ల తర్వాత ‘మనుషులు దొరకడం లేదు’ అని వాపోయేదీ వాళ్లే.

మూడేళ్లు తక్కువ భత్యంతో నెట్టుకురాగలిగితే అప్రెంటిస్‌షిప్పే మేలు. వీలుకాకపోతే కోర్సు చేసి, సెట్టర్ పక్కన నిలబడనిచ్చే చోట చేరండి. ఏ ఒప్పందం మీదైనా సంతకం చేసే ముందు ఒక్కసారి ఆ కంపెనీ పనిశాలలోకి వెళ్లి చూడండి. రెండో ఏడాది కుర్రాళ్లు డ్రాయింగు చదివి సొంతంగా జాబ్ బిగిస్తున్నారా, ఇంకా అంచులు రాకుతూ, చిప్స్ ఊడుస్తూనే ఉన్నారా?